వంతుల పట్టీ రాసిందెవరు?

చిత్తూరు సీమ పల్లెల్లో భారతం పెట్టారంటే పగలు హరికథ, రాత్రి వీధినాటకం. కొన్ని ఘట్టాలకైతే ఊరే రంగస్థలం. బకాసుర వధ నాడు అన్నం కుంభం పెట్టిన బండి మీద భీముడి వేషగాణ్ణి ఎక్కించి వీధులన్నీ తిప్పుతారు. అర్జునుడు తపస్సు మాను ఎక్కి నిమ్మకాయలు, విభూతి విసురుతాడు. చివర్లో ఆరుబయలు పడుకోబెట్టిన మట్టి దుర్యోధనుడి చుట్టూ వేషగాళ్లు ఒకరినొకరు తరుముకుంటారు.

వీటన్నిట్లో మా ఆలోచన ఎప్పుడూ ఏకచక్రపురం దగ్గరే చిక్కుకుంటుంది. ఆ ఊరు రాక్షసుడితో ఒప్పందం చేసుకుంది. వంతుకొక ఇల్లు, బండెడు అన్నం, రెండు దున్నలు, ఒక మనిషి. భీముడొచ్చి బకాసురుణ్ణి చంపేశాడు, సరే. ఇంతకీ ఏ నాడు ఏ ఇంటి వంతో పట్టీ రాసిందెవరు? తన వంతు వెనక్కి జరిపించుకున్నదెవరు? అందుకు ఏమిచ్చుకున్నాడు? భారతానికి ఆ లెక్కతో పనిలేదు. బల్ల చుట్టూ కూర్చుని ఆడే వేషాల ఆటకు మాత్రం అసలు సరుకు అదే.

అలాంటి ఆటే డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఆ పేరు మా పెద్ద పాఠకులకు కొత్త కావచ్చు, వాళ్ల మనవళ్లకు కాదు. నలుగురైదుగురు చేరతారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. “తలుపు తోస్తా” అని ఒకడంటే అవతల ఏముందో నడిపేవాడు చెప్పాలి. ఎటూ తేలని చోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అల్లిన ఈ ఆట 1974లో అమెరికాలో అచ్చయింది. రాక్షసులు, నేలమాళిగలు, నిధులు అనగానే పిల్లలాట అనిపిస్తుంది. పుట్టుక చూస్తే కథ వేరు. అంతకు కొన్నేళ్ల ముందు, 1960ల చివర్లో, మిన్నెసోటాలో డేవిడ్ వెస్లీ అనే ఆయన బ్రౌన్‌స్టైన్ అని ఒక కల్పిత జర్మన్ ఊరు కట్టి యుద్ధం ఆట పెట్టాడు. సైన్యాలు వచ్చేలోపు కాలక్షేపంగా ఒకరికి మేయరు, ఒకరికి బ్యాంకు యజమాని, ఇంకొకరికి విశ్వవిద్యాలయం పెద్ద అని పాత్రలు పంచాడు. ఆటగాళ్లు యుద్ధం మరిచిపోయి చాటున మంతనాలు మొదలెట్టారు. వెస్లీ దగ్గర అందుకు నియమాల్లేవు, అప్పటికప్పుడు జవాబులు అల్లుతూ పోయాడు. ఆట చెడిపోయిందని ఆయన అనుకుంటే, మళ్లీ ఎప్పుడు ఆడిస్తావని ఆటగాళ్లు పట్టుకున్నారు. ఆర్నెసన్ ఆ బృందంలోవాడే. అంటే డ్రాగన్లు రాకముందే ఈ ఆటలోకి ఊరి రాజకీయం వచ్చి కూర్చుంది.

మన వైపు ఒక ఊరు అనుకుందాం. చౌడేపల్లెకూ పుంగనూరుకూ నడుమ, పాలెగాళ్ల కాలం. కొండ మీద రాక్షసి, కింద చెరువు, నాలుగు రోజుల్లో జాతర. నడిపేవాడు రాక్షసి బలమెంత, గుహలో ఎన్ని మలుపులు, అన్నీ రాసిపెట్టుకున్నాడు. వైద్యురాలి వేషం కట్టిన అమ్మాయి కొండ వైపు కన్నెత్తి చూడలేదు. తూము కాడ కూర్చున్న నీరుగంటిని పలకరించింది.

“ఏమన్నా, రేత్రి తూము తెరవమని ఎవురు చెప్పినారు?”

“నాకేం తెలుసు తల్లీ, ఏదో నా పని నేను చేసినా.”

“పోనీలే. నీ కూతుర్ని ఏ ఊరికిచ్చినావు?”

నడిపేవాడి నోటుబుక్కులో నీరుగంటికి పేరే లేదు, ఇంక కూతురెక్కడ? గుటక మింగి అన్నాడు. “ఈ ఊర్లోనేమ్మా. కరణం ఇంట్లో జీతముండే పిల్లోడికి.”

ఆ ఒక్క జవాబుతో ఊరు లేచి కూర్చుంది. అల్లుడి జీతం కరణం బిగబట్టాడు గనక తూము రాత్రిపూట తెరుచుకుంది. కరణం మడి తడిసింది, కింది ఆయకట్టు ఎండింది. నీళ్లొచ్చేదాకా జాతరకు పొట్టేలు తోలేది లేదని కిందివీధివాళ్లు మొండికేశారు. జాతర ఆగితే రాక్షసి కొండ దిగుతుంది. ఇప్పుడు కత్తి పట్టినవాడు కూడా కరణం అరుగు మీద కూర్చుని మాట్లాడాల్సిందే.

ఊరి రాజకీయం ముందే రాసుకుంటే రాదు. ఎవరు ఎవరికి బాకీ, ఎవరికెవరికి మాటల్లేవు, ఎవరింటి పిల్ల ఎవరింట్లో ఉంది, ఇంత తెలిస్తే మిగతాది నోటికదే వస్తుంది. వచ్చిన మాట మాత్రం అప్పుడే రాసిపెట్టుకోవాలి. నీరుగంటి అల్లుణ్ణి వచ్చే వారం ఇంకో ఊరివాణ్ణి చేస్తే ఆటగాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు.

పాచిక సంగతీ చెప్పాలి. చౌడేపల్లె మండలం బోయకొండ గంగమ్మ దగ్గర భక్తులు అమ్మవారి తల మీద పువ్వు పెట్టి అడుగుతారు. కుడివైపు పడితే పని అవుతుందని, ఎడమవైపు పడితే మానుకోమని. అయితే అన్నీ ఆలోచించి, ఎటూ తోచనప్పుడే అక్కడికి వెళ్తారు, రేపు పొద్దు పొడుస్తుందా అని అడగడానికి కాదు. పాచికా అంతే. ఇరవై పడింది గదా అని కరణం లెక్కల కట్ట తెచ్చి చేతిలో పెట్టడు. ఇస్తే తన కొంప మునుగుతుందా, ఇవ్వకపోతే మునుగుతుందా అని అతను ఊగే క్షణంలోనే పాచిక వేయాలి.

అప్పటికప్పుడు మాట అల్లే ఈ విద్య మనకు కొత్తా? తోలుబొమ్మలాటలో బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు చేసేదేమిటి? రావణుడి కొలువు మధ్యలోకి దూరి ఆ ఊరి సంగతులు కలిపి నవ్విస్తారు. పద్యం తప్పితే ఒప్పుకోని పెద్దలే వాళ్ల మాటకు అడ్డు చెప్పరు. ఇక రాజకీయానికి విరాటపర్వం తీసుకోండి, వానలకోసమని పల్లెల్లో ఆడించే కథ. సింహాసనం విరాటుడిది, పెత్తనం బావమరిది కీచకుడిది. మారువేషంలో వచ్చి రాజుతో పాచికలాడే ధర్మరాజు కూడా ఉన్నాడు. ఆట నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం మేము చూడలేదు.

అయినా బెంగుళూరులో వారాంతాల్లో ఈ ఆటలాడే మన పిల్లల కథలు ఎక్కడో చలిదేశపు సారాయి అంగడిలో మొదలవుతాయి. మేయరు, కావలివాళ్లు, దొంగల సంఘం, అన్నీ అరువే. పరాయిది కావడం తప్పని మేమనం. ఆ మేయరు మేనమామ ఎవరో ఆడించేవాడికి తెలియదు, ఎవరైనా అడిగితే నీళ్లు నములుతాడు. అందుకే అక్కడ తగువు తేలకముందే కత్తులు లేస్తాయి. మదనపల్లె టమాటా మండీలో ఒక పూట నిలబడితే పది ఆటలకు సరిపడా రాజకీయం చెవిన పడుతుంది. కుప్పం వైపు పోతే ఒకే బేరంలో మూడు భాషలు దొర్లుతాయి. ఎవరు ఏ భాషలోకి ఎప్పుడు మారారన్నదే ఒక ఎత్తుగడ.

ఆడేవాళ్లకు మా విన్నపం ఒకటే. మీ ఊరికి పేరు మార్చి, మనుషుల పేర్లు మార్చి, బాకీలూ బంధుత్వాలూ అలాగే ఉంచి ఒక ఆట ఊరు తెలుగులో రాయండి. రెండు పుటలు చాలు. రాక్షసి లేకపోయినా ఫరవాలేదు. మాకు పంపండి, ఈ పత్రికలో చోటిస్తాం.