కెమెరా పెట్టె మీద లేని అంకె

వీడియో కెమెరా కొనడానికి దుకాణానికి వెళ్లినవారి చెవిన ముందుగా పడేవి అంకెలే. ఇరవై మెగాపిక్సెళ్లు, 4కె, అరవై రెట్ల జూమ్. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో అచ్చయ్యేవీ అవే. దుకాణంలోని ధగధగలాడే దీపాల కింద ఏ కెమెరాతో తీసి చూపించినా బొమ్మ బాగానే ఉంటుంది. ఇంటికి తెచ్చి, ట్యూబులైటు వెలుగులో పాప పుట్టినరోజు తీసినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. బొమ్మ నిండా ఇసుక చల్లినట్టు రేణువులు. గోడ మీద వెలుగు అలలు అలలుగా కదులుతుంటుంది. కెమెరా చెడిపోయిందనుకుని దుకాణానికి పరుగెత్తేవారూ ఉంటారు. చాలాసార్లు అది చెడిపోయి ఉండదు. ఆ గదికి తగినది కాదు, అంతే.

పుట్టినరోజు వీడియో సరిగా రాకపోతే ఇంట్లోవాళ్లు రెండు రోజులు చెప్పుకుని మరిచిపోతారు. బడిలో ప్రయోగశాల కోసం కొనే కెమెరా విషయంలో అలా కుదరదు. లోలకం ఊగడాన్ని వీడియో తీసి, ఫ్రేములు లెక్కపెట్టి ఆవర్తన కాలం కనుక్కోవడం ఏ పల్లె బడిలోనైనా చేయించదగ్గ ప్రయోగం. కానీ కెమెరా కొనే సొమ్ము బడికి మాటిమాటికీ రాదు. ఒకసారి తప్పుగా కొంటే కెమెరా బీరువాలోకి వెళ్తుంది, లోలకం నల్లబల్ల మీద బొమ్మగానే మిగిలిపోతుంది.

మెగాపిక్సెళ్ల సంగతి త్వరగా తేల్చేయవచ్చు. 4కె వీడియోలో ఒక్కో ఫ్రేముకు 3840 అడ్డం, 2160 నిలువు, అంటే సుమారు 83 లక్షల పిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీ అయితే 21 లక్షలు చాలు. ఇరవై మెగాపిక్సెళ్లంటే రెండు కోట్లు. మిగిలినవి ప్రధానంగా ఫొటోలకు పనికొస్తాయి. వాటన్నిటినీ చదివి, కుదించి, మరింత స్పష్టమైన వీడియో ఇచ్చే మంచి కెమెరాలు లేకపోలేదు గానీ, ఆ మాట అంకెను బట్టి చెప్పలేం.

అసలు చూడాల్సింది కాంతిని. కాంతి ఫోటాన్లుగా, వాన చినుకుల్లా ఎడాపెడా వచ్చి పడుతుంది. ఒక ఫ్రేము తీసే వ్యవధిలో ఒక పిక్సెల్ మీద సగటున 10,000 ఫోటాన్లు పడితే, ఆ సంఖ్య దాదాపు 100 అటూ ఇటూ మారుతుంది. అంటే ఒక శాతం తేడా, కంటికి ఆనదు. వెలుగు తగ్గి 100 ఫోటాన్లే పడితే మార్పు 10, అంటే పది శాతం. పక్కపక్క పిక్సెళ్ల మధ్య కనిపించే ఈ తేడాయే బొమ్మ మీది ఇసుక. ఇది ప్రకృతి పెట్టిన హద్దు, ఏ కంపెనీ ఇంజినీర్లూ తప్పించలేరు. కెమెరాలోని సాఫ్ట్‌వేర్ రేణువులను తుడిచి నున్నగా చేయగలదు. దాంతోపాటు బోర్డు మీది సన్నటి సుద్దగీతలూ తుడిచిపెట్టుకుపోతాయి.

ఎక్కువ ఫోటాన్లు పట్టాలంటే సెన్సర్ పెద్దదిగా ఉండాలి, లెన్స్ విశాలంగా తెరుచుకోవాలి. సెన్సర్ కొలత దగ్గర కొనేవాడికి జరిగే అన్యాయం ఒకటుంది. చిన్న కెమెరాల్లో కనిపించే ‘1/2.3 అంగుళాల’ సెన్సర్ నిజానికి సుమారు 6.2 మి.మీ. పొడవు, 4.6 మి.మీ. వెడల్పు, గోరంత కూడా ఉండదు. ‘ఒక అంగుళం’ సెన్సర్ 13.2 మి.మీ., 8.8 మి.మీ. దాని కర్ణం 16 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. అంగుళమంటే 25.4 మి.మీ. కదా! పాతకాలపు టీవీ కెమెరాల్లో బొమ్మను పట్టే భాగం గాజు గొట్టంలో ఉండేది. ఆ గొట్టం బయటి వ్యాసాన్ని బట్టి పేరు పెట్టేవారు, బొమ్మ పడే చోటు అందులో మూడింట రెండు వంతులే. గొట్టాలు పోయాయి, అంగుళం మిగిలింది. కందిపప్పు ప్యాకెట్ మీద నికర బరువు వేయకపోతే మన దేశంలో నేరం. వేల రూపాయల కెమెరా పెట్టె మీద సెన్సర్ వైశాల్యం చదరపు మిల్లీమీటర్లలో వేయమని అడిగితే తప్పేముంది? పై రెండు సెన్సర్లకూ ఆ లెక్క 28, 116. నాలుగు రెట్ల తేడా ఎవరికైనా తెలిసిపోతుంది.

లెన్స్‌కు ‘ఎఫ్’ సంఖ్య ఎంత తక్కువైతే అంత మంచిది. ఎఫ్ 2.8 నుంచి 5.6కు వెళ్తే సెన్సర్ మీద పడే కాంతి నాలుగో వంతు అవుతుంది. చాలా జూమ్ లెన్సులు దూరానికి లాగేకొద్దీ జరిగేది ఇదే. ఇక డిజిటల్ జూమ్ జూమే కాదు. ఫొటోలో ఒక మూల కత్తిరించి పెద్దగా అచ్చు వేయించుకోవడం లాంటిది. ఆప్టికల్ జూమ్ ఎంతో అడిగి, మిగతా అంకెను పక్కన పెట్టేయాలి.

గోడ మీద కదిలే ఆ వెలుగు అలల వెనక మన కరెంటు ఉంది. మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు. ఒక్కో ఆవృత్తిలో దీపం రెండుసార్లు వెలుగు పెంచుకుంటుంది కాబట్టి పాత చోక్ ఉన్న ట్యూబులైటు, చవక ఎల్‌ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కన్ను దాన్ని పట్టుకోలేదు, కెమెరా పట్టుకుంటుంది. సెకనుకు 30 ఫ్రేములు, ఒక్కో ఫ్రేము సెకనులో 60వ వంతు సేపు తీస్తే, ఒక ఫ్రేముకు ఎక్కువ వెలుగు, మరోదానికి తక్కువ అందుతాయి. ఈ హెచ్చుతగ్గులు మూడు ఫ్రేములకోసారి, అంటే సెకనుకు పది సార్లు తిరిగి వస్తాయి. పది సార్లంటే కంటికి చక్కగా కనిపిస్తుంది. సెకనుకు 25 ఫ్రేములు పెడితే ఒక్కో ఫ్రేము వ్యవధిలో సరిగ్గా నాలుగు మినుకులు పడతాయి, తేడా రాదు. షట్టర్‌ను సెకనులో 50వ వంతుకో, 100వ వంతుకో పెట్టినా పని జరుగుతుంది. షట్టర్‌ను చేత్తో మార్చుకునే వీలు లేని కెమెరా ఎంత చవకైనా మన గదులకు వద్దు.

అమెరికాలో ఉన్న కొడుకో కోడలో సెలవులకు వస్తూ కెమెరా తేవడం మన ఇళ్లలో మామూలే. అక్కడి కరెంటు 60 ఆవృత్తులు. అక్కడ 30 ఫ్రేములు, 60వ వంతు షట్టర్ చక్కగా సరిపోతాయి. అక్కడ అమ్మే కెమెరాల్లో కొన్నిటికి 25, 50 ఫ్రేముల ఎంపికే ఉండదు. తెమ్మని చెప్పే ముందు ఆ ఒక్క మాట కనుక్కోమనాలి.

చేతిలో ఫోన్ ఉండగా కెమెరా ఎందుకనే ప్రశ్న న్యాయమైనదే. టీచరు నిలబడి చెప్పే పాఠానికైతే ఫోన్, కాలర్ మైక్, ఒక స్టాండు చాలు. మాట వినిపించని 4కె పాఠాన్ని పిల్లలు అయిదు నిమిషాలు కూడా చూడరు, కాబట్టి మొదటి ఖర్చు మైక్‌కే పెట్టాలి. లోలకం దగ్గర మాత్రం లెక్క మారుతుంది. మీటరు పొడవున్న లోలకం పది డోలనాలకు సుమారు 20 సెకన్లు తీసుకుంటుంది. 25 చొప్పున 500 ఫ్రేములు. ఒక ఫ్రేము తప్పు లెక్కపెట్టినా దోషం 0.2 శాతమే, బడి ప్రయోగానికి గొప్ప కచ్చితత్వం. కొన్ని ఫోన్లు వెలుగు తగ్గగానే ఫ్రేముల సంఖ్యను చెప్పకుండా తగ్గించేసుకుంటాయి. అప్పుడు పిల్లల లెక్క సరైనదే, ఫలితం మాత్రం తప్పు వస్తుంది. తప్పెక్కడుందో టీచరుకూ తెలియదు.

గంటసేపు ఆగకుండా తీయాలనుకునేవారు మరో సంగతి చూసుకోవాలి. ఫొటోల కోసం చేసిన కెమెరాల్లో చాలావరకు 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోయేవి. అరగంట దాటి రికార్డు చేసేదాన్ని వీడియో కెమెరాగా లెక్కగట్టి యూరప్‌లో ఎక్కువ సుంకం వేయడం అందుకు ఒక కారణం. కొత్తవాటిలో ఆ హద్దు తగ్గుతోంది గానీ, వాడిన కెమెరా కొనేవారు అడిగి తెలుసుకోవాలి. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో తీస్తే గంటకు 45 గిగాబైట్లు నిండుతాయి, కార్డు ఖర్చు కూడా బిల్లులో కలుపుకోవాల్సిందే.

దుకాణానికి వెళ్లేటప్పుడు సొంత మెమరీ కార్డు తీసుకెళ్లి, అక్కడే అడిగి రెండు నిమిషాలు తీయవచ్చు. ఒకటి కౌంటర్ కింద నీడలో, రెండోది తిరుగుతున్న ఫ్యాను మీద. ఫ్యాను రెక్కలు కొడవళ్లలా వంగి కనిపిస్తే సెన్సర్ వరుస వెంట వరుస నెమ్మదిగా చదువుతోందని అర్థం, వేగంగా కదిలే ప్రయోగాలకు అది పనికిరాదు. ఆ కార్డును ఇంటికి తెచ్చి పెద్ద టీవీలో చూశాకే డబ్బు కట్టడం మేలు. సెన్సర్ కొలత దుకాణదారుకు తెలియకపోతే తయారీదారు వెబ్‌సైట్‌లో వివరాల పట్టిక అట్టడుగున, మిల్లీమీటర్లలో ఉండే అవకాశం ఉంది.