వడ్డించేవారు పదిమంది, గరిటె ఒక్కటి

'వర్చువల్ మెషీన్' అన్న మాటకు తెలుగేమిటని ఒక మిత్రుడడిగితే 'మిథ్యాయంత్రం' అన్నాను. మిథ్య అంటే అబద్ధమా అని ఆయన నొచ్చుకున్నారు. కాదు. పూర్తిగా ఉన్నదీ కాక, బొత్తిగా లేనిదీ కాక, మరొకదాని ఆధారంతో తోచేదాన్ని అద్వైతులు మిథ్య అన్నారు. ఒకే ఇనుపపెట్టెలో పది యంత్రాలు తోస్తాయి. ప్రతిదీ తాను స్వతంత్రమనుకుంటుంది. ఐబీయం వారు 1972లోనే వీయం/370 పేర ఈ విద్యను ప్రకటించారు. 1998లో పుట్టిన వీయంవేర్ సంస్థ దీన్ని మామూలు యంత్రాలకు దింపింది.

దీనితోపాటు ఒక భ్రమ కూడా ప్రబలింది: రద్దీ పెరిగితే మిథ్యాయంత్రాలను పెంచితే చాలునని! ఇది పొరపాటని నా అభిప్రాయం.

కొన్నేళ్ళ క్రితం పరీక్షాఫలితాల నాడు మా పొరుగింటి అమ్మాయి ఉదయం నుండీ హాల్‌టికెట్ సంఖ్య కొడుతూనే ఉంది. పుట సగం వచ్చి ఆగేది. మళ్ళీ మొదటినుండి సంఖ్య అడిగేది. మధ్యాహ్నానికి తాను తప్పిందేమోనని ఏడుపు లంకించుకుంది. ఈ విద్యలో ఉన్న నా పూర్వవిద్యార్థిని అడిగాను. "మాస్టారూ, అక్కడ ఏం జరిగిందో నేను చూడలేదు. సాధారణంగా కారణాలు రెండు" అన్నాడు.

మొదటిది: వచ్చినవారెవరో యంత్రం తన సొంత జ్ఞాపకంలోనే ఉంచుకోవడం. రెండో అభ్యర్థన పక్కయంత్రానికి వెళితే అది "మీరెవరు?" అంటుంది. రెండవది: యంత్రాలు ఎన్నున్నా అన్నీ ఒకే దత్తాంశనిధి ముందు బారులు తీరడం. సర్వరంటే వడ్డించేవాడే కదా! వడ్డించేవారిని పదిమందిని పెట్టి గరిటె ఒక్కటే ఇస్తే బంతి ముందుకు సాగుతుందా?

దీనికి లెక్క కూడా ఉంది. పనిలో పదోవంతు ఒకదాని తరువాత ఒకటిగానే జరగవలసి ఉంటే, వేయి యంత్రాలు పెట్టినా వేగం పదిరెట్లు దాటదు. 1967లో జీన్ ఆమ్‌డాల్ చేసిన వాదంలోని సారం ఇదే.

నెట్‌ఫ్లిక్స్ సంస్థకు 2008 ఆగస్టులో దత్తాంశనిధి చెడి మూడు రోజులు డీవీడీలు పంపడం ఆగిపోయింది. వారు పాత వ్యవస్థను ఉన్నదున్నట్టు అద్దెయంత్రాల మీదికి ఎక్కించి ఊరుకోలేదు. చిన్నచిన్న సేవలుగా విడదీసి తిరగరాసుకున్నారు. 2016 జనవరికి గాని ఆ పని ముగియలేదు.

విడదీయడం ఉచితం కాదు నిజమే. ముక్కలు పెరిగితే వాటి మధ్య రాయబారాలూ, తగవులూ పెరుగుతాయి. చిన్న కార్యాలయానికి ఒక దిట్టమైన యంత్రమే మేలు. పది మిథ్యాయంత్రాలనూ ఒకే పెట్టెలో పెట్టి, దానికి ఏ ఆపదా రాదనుకోవడం మాత్రం అవివేకం. పెట్టె ఆగితే పదీ మాయం.

అయితే ఫలితాల మాట వేరు. ముహూర్తం ముందే తెలుసు, అతిథుల సంఖ్యా తెలుసు. ప్రకటించాక మార్కులు గడియగడియకూ మారవు. పుటలను ముందే సిద్ధంచేసి, ప్రతులను పలుచోట్ల ఉంచితే నిధి తలుపు తట్టే పనే లేదు. కృత్రిమపు రద్దీతో ముందురోజే పరీక్షించుకోవచ్చు కూడా. పిల్లలకు ఏడాదికి మూడుసార్లు పరీక్షలు పెట్టే మనం యంత్రానికి ఒక్కసారి పెట్టలేమా?

ఆ అమ్మాయి ఉత్తీర్ణురాలైందని సాయంత్రం తెలిసింది. ఆ పగలంతా పడిన వేదనకు మాత్రం ఎవరూ మార్కులు వేయలేదు. ఈ రంగంలోని మిత్రులు నా పొరపాట్లుంటే దిద్దగలరు.