దాణా సరే... నీటి మాటేమిటి?

* లేయర్ కోళ్ల ఉత్పాదకతను దెబ్బతీస్తున్న ఉప్పునీరు
* పెంకు పలచబడి గుడ్ల పగుళ్లు
* దాణా మార్చినా ఫలితం అంతంతే

తణుకు: గుడ్ల దిగుబడి తగ్గితే పౌల్ట్రీ రైతు మొదట అనుమానించేది దాణాను. తర్వాత తెగుళ్లను. నీటి వంక చూసేది చివరికే. తణుకు, అనపర్తి ప్రాంతాల్లో లేయర్ కోళ్ల పరిశ్రమకు ఆధారం బోర్లే. డెల్టాలో లోతుకు వెళ్లేకొద్దీ పలుచోట్ల ఉప్పునీరు పడుతోంది. వేసవిలో ఈ సమస్య మరింత తీవ్రమవుతుంది.

దాణాకు రెట్టింపు

గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. నీరు అందుకు రెట్టింపు, అంటే 200 నుంచి 250 మిల్లీలీటర్ల వరకు తాగుతుంది. ఎండలు ముదిరితే ఇది ఇంకా రెట్టింపవుతుంది. పది వేల కోళ్ల షెడ్డుకు మామూలు రోజుల్లో 2,500 లీటర్లు చాలితే, వేసవిలో 5,000 లీటర్లు కావాలి. ఆ నీరే చెడ్డదైతే ఉప్పు, క్రిములు కూడా రెట్టింపుగా కడుపులోకి చేరతాయి.

నీటిలో కరిగిన లవణాలు లీటరుకు వెయ్యి మిల్లీగ్రాముల లోపు ఉంటే ఇబ్బంది లేదు. అది దాటితే రెట్ట పలచబడుతుంది. షెడ్డు కింద ఎరువు తడిసి ఈగలు, అమ్మోనియా వాసన పెరుగుతాయి. మూడు వేలు దాటిన నీరు కోళ్లకు పనికిరాదు.

పెంకుపై దెబ్బ

ఉప్పునీటి వల్ల అసలు నష్టం పెంకులో కనిపిస్తుంది. గర్భాశయంలో పెంకు తయారీకి అవసరమైన బైకార్బొనేట్ సరఫరాను ఉప్పు దెబ్బతీస్తుంది. అందుకే దాణాలో రాయిగ్రిట్, ఆల్చిప్పలు ఎంత పెంచినా పెంకు గట్టిపడదు. పది వేల కోళ్లలో రోజుకు 9 వేల గుడ్లు వస్తున్నాయనుకుంటే, పగుళ్లు రెండు శాతం పెరిగినా 180 గుడ్లు తక్కువ ధరకు తెగనమ్ముకోవాల్సిందే. నెలకు ఇవి 5,400.

పైపుల్లోనే తిష్ట

బోరు నీరు మంచిదైనా ట్యాంకు, పైపుల్లో పేరుకున్న జిగట పొరలో ఈ-కోలి వంటి క్రిములు తిష్ట వేస్తాయి. బెల్లం, విటమిన్లు, మందులు నీటిలో కలిపి ఇచ్చాక పైపులు కడగకపోతే ఈ పొర మరింత మందమవుతుంది. ఇనుము, సున్నం ఎక్కువున్న నీటితో నిప్పుళ్లు పూడుకుపోతాయి. నీరందని కోడి దాణా ముట్టదు. ఒక రోజు పూర్తిగా నీరు ఆగినా గుడ్ల సంఖ్య పడిపోతుంది.

చేయాల్సిందిదే

వేసవికి ముందు, వర్షాల తర్వాత నీటిని పరీక్ష చేయించాలి. బోరు వద్ద ఒక నమూనా, చివరి నిప్పుల్ వద్ద మరొకటి తీయాలి. క్రిముల పరీక్షకు శుద్ధి చేసిన సీసాలోనే పట్టి, ఐసు పెట్టెలో అదే రోజు ప్రయోగశాలకు చేర్చాలి.

క్లోరిన్ చివరి నిప్పుల్ వద్ద లీటరుకు 2 నుంచి 3 మిల్లీగ్రాములు ఉండాలి. క్షారగుణం ఎక్కువై పీహెచ్ 8 దాటితే క్లోరిన్ సరిగా పనిచేయదు. నీటి ద్వారా టీకా ఇచ్చేటప్పుడు మాత్రం ముందురోజే క్లోరిన్ ఆపాలి. లేకుంటే టీకా వృథా.

అయితే క్లోరిన్ క్రిములను చంపుతుందే తప్ప ఉప్పును తగ్గించదు. ఉప్పు బోరున్న రైతుకు మంచినీటిని కలిపి వాడటం, కాలువ నీటిని నిల్వచేసి శుద్ధి చేయడం, ఆర్వో యంత్రం పెట్టుకోవడం మినహా దారి లేదు. ఇవన్నీ ఖర్చుతో కూడినవే. చిన్న రైతుకు ఇది భారమే. కొత్త షెడ్డు వేసేవారు పునాది తీయకముందే బోరు నీటిని పరీక్షించుకుంటే ఈ భారం తప్పుతుంది.