అడ్డపొగ: నోట్లో నిప్పు

చీపురుపల్లి దగ్గర మా అమ్మమ్మ వాళ్లూరు వెళ్తే చిన్నప్పుడు ఒక వింత కనిపించేది. అరుగు మీద కూర్చున్న ముసలమ్మ చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని లోపలికి పెట్టి నోరు మూసేసుకునేది. నుసి రాలేది కాదు, కబుర్లు ఆగేవి కాదు! దాన్నే అడ్డపొగ అంటారు. మన వైపు వాళ్లయితే మీ నాన్నమ్మని అడగండి, ఓ కథ చెప్తుంది.

గాలికి ఆరదు, చుట్ట చాలాసేపు వస్తుంది. పొలంలో చేతులు ఖాళీ ఉండని ఆడవాళ్లకి అది కుదిరిపోయింది. తల్లిని చూసి కూతురికి అబ్బింది.

డెన్మార్క్‌కి చెందిన పిండ్‌బోర్గ్, మన ఫాలీ మెహతా బృందం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు చూసి, 1971లో ఫలితాలు అచ్చు వేశారు. (విజయనగరం జిల్లా వచ్చింది 1979లో. అప్పటికి చీపురుపల్లి శ్రీకాకుళంలోనే ఉండేది.) పది మందిలో నలుగురికి పైగా అడ్డపొగ అలవాటే. దేశంలో మిగతా చోట్ల నోటి కాన్సర్ ఎక్కువగా బుగ్గకో నాలుకకో వస్తే, ఇక్కడ గట్టి అంగిలికి వచ్చేది. సెగ తగిలేది అక్కడే మరి.

అంగిలి పైపొరలో లాంగర్‌హాన్స్ కణాలని కొన్ని ఉంటాయి. 1868లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి వీటిని మొదట చర్మంలో చూశాడు. చేతులు చాచుకుని కూర్చున్న కాపలావాళ్లు అనుకోండి. తేడా కణమో, సూక్ష్మజీవో దొరికితే దాని ఆనవాలు పట్టుకుని మెడలోని లింఫ్ గ్రంథులకి వెళ్లి చెప్తాయి. జ్వరమంత వేడి అయితే రోగనిరోధక కణాలు ఇంకా చురుగ్గా కదులుతాయి. చుట్ట నిప్పు సంగతి వేరు. రోజూ కాలితే పొర మందమై తెల్లబడుతుంది, ఎర్ర చుక్కలు తేలతాయి, రంగు పోతుంది. పొగతాగేవాళ్ల నోట్లో ఈ కాపలా కణాలు పలచబడినట్టు కొన్ని పరిశోధనల్లో కనిపించింది. పొగాకు విషాలు ఒకపక్క కణాలని పాడుచేస్తుంటే, పట్టుకోవాల్సినవాళ్లు తగ్గిపోతున్నారన్నమాట.

మండదు కాబట్టి ముసలమ్మలు పట్టించుకోరు. ‘ఇన్నేళ్లు తాగినాను, నాకేటయింది’ అంటారు. వాదించకండి. ఈసారి ఊరెళ్లినప్పుడు ఫోన్ టార్చ్ వేసి, తల వెనక్కి వాల్చి ‘ఆ’ అనమనండి. కట్టుడు పళ్లుంటే తీయించండి. తెల్ల మచ్చ మధ్య ఎర్రగా ఉన్నా, పుండు రెండు వారాల్లో మానకపోయినా ఫొటో తీసుకుని, ఆమెని వెంటబెట్టుకుని పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.