లక్షల జీతం సరే, పనివేళల సంగతేమిటి?

సంపాదకులకు,

గత వారం మీ పత్రికలో ఐటీ కొలువుల గురించి రాసిన వ్యాసకర్త 'ఏసీలో కూర్చుని లక్షలు' అని ఒక్క మాటలో తేల్చేశారు. జీతాలు మంచివే, కాదనను. మా ఇంటి అప్పు తీరింది దాంతోనే. కానీ ఆ జీతం దేనికిస్తారో కూడా రాయాల్సింది.

న్యూయార్క్‌లో ఉదయం 8.30 మీటింగంటే మాకు సాయంత్రం 6. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పగానే మాకది 7 అవుతుంది. మైక్ మ్యూట్‌లో పెట్టి, ఒక చెవిన క్లయింటు మాట వింటూ పిల్లాడికి ముద్దలు పెట్టాలి. ఆన్‌కాల్ వారమైతే అర్ధరాత్రి సర్వర్ మొరాయించినా లేవాల్సిందే. ప్రాజెక్టు పోతే బెంచి, అంటే మరో ప్రాజెక్టు దొరికేదాకా ఎదురుచూపు. అక్కడ జీతం వస్తుంది, నిద్ర రాదు. మానేద్దామంటే 90 రోజుల నోటీసు, కొత్త కంపెనీకేమో రేపే చేరేవాళ్లు కావాలి.

ఇంకో సంగతి. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలోని పనివేళల నిబంధనల నుంచి ఐటీ సంస్థలకు ప్రభుత్వాలు మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. వాటిని పొడిగించేముందు మమ్మల్నీ ఒక మాట అడగమని మీ పత్రిక రాస్తే మేలు.

– ఓ ఐటీ ఉద్యోగిని, మియాపూర్, హైదరాబాద్