తాళం ఇంట్లో.. చెవి ఎవరి చేతిలో?

* పిల్లల ఇంటర్నెట్ వాడకాన్ని అదుపు చేసే మార్గం రౌటర్‌లోనే
* సదుపాయం ఉన్నా తెరిచి చూడని కుటుంబాలే అధికం
* కొనుగోలులో వేగం, ధరలకే ప్రాధాన్యం

నర్సీపట్నం: ఒకప్పుడు గంటకు ఇంత అని చెల్లించి పట్టణంలోని నెట్ సెంటర్‌కు వెళ్తే తప్ప అందని ఇంటర్నెట్, నేడు పల్లెల్లో పెంకుటిళ్ల గోడలకు సైతం చిన్న పెట్టె రూపంలో వేలాడుతోంది. విద్యుత్తు స్తంభాల మీదుగా తీగలు లాగి ఇంటింటికీ సేవలందించే ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. బీఎస్ఎన్ఎల్‌తో పాటు ప్రైవేటు సంస్థలూ రంగంలో ఉన్నాయి. 2020లో కరోనా కారణంగా బడులు మూతపడి ఆన్‌లైన్ తరగతులు మొదలవడంతో పిల్లల చేతికి సెల్‌ఫోన్ ఇవ్వక తప్పలేదు. బడులు తెరుచుకున్నా ఎన్నో ఇళ్లలో ఆ ఫోన్ మళ్లీ పెద్దల చేతికి చేరలేదు.

అర్ధరాత్రి దాకా వీడియోలు, ఆటలు, అపరిచితులతో సంభాషణలు.. పదో తరగతి, ఇంటర్ విద్యార్థులున్న ఇళ్లలో వీటిపై కలహాలు నిత్యకృత్యమయ్యాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను కేంద్రం 2025 ఆగస్టులో చట్టం చేసి నిషేధించినా, దేశం వెలుపలి నుంచి నడిచే సైట్లు పూర్తిగా కనుమరుగు కాలేదు. తల్లిదండ్రుల్లో కొందరు ఫోన్ లాక్కుంటున్నారు. మరికొందరు చేతులెత్తేస్తున్నారు. ఈ రెంటికీ మధ్య ఉన్న మార్గాన్ని గుర్తిస్తున్నవారు స్వల్పం. అది ఇంటి రౌటర్‌లోని ‘పేరెంటల్ కంట్రోల్’ సదుపాయం.

పెట్టె చేసే పని ఇదీ..

ఇంట్లోని ఫోన్లు, ట్యాబ్‌లు, టీవీలు వైఫై ద్వారా బయటి ప్రపంచానికి వెళ్లాలంటే రౌటర్ గుమ్మం దాటాల్సిందే. కాబట్టి ఒక్కో ఫోన్‌లో విడివిడిగా అడ్డుకట్ట వేయకుండా గుమ్మం దగ్గరే కాపలా పెట్టవచ్చు. ఈ కాపలా ప్రధానంగా మూడు పనులు చేస్తుంది. రాత్రి 10 నుంచి ఉదయం 5 గంటల వరకు ఫలానా ఫోన్‌కు ఇంటర్నెట్ అందకుండా సమయం నిర్దేశిస్తుంది. అశ్లీల, జూద సైట్లను వడపోస్తుంది. భోజనం వేళ ఒక్క మీటతో పిల్లల పరికరాలకు నెట్ ఆపేస్తుంది.

వడపోత ఎలా జరుగుతుందో తెలిస్తే దాని పరిమితీ తెలుస్తుంది. మనం సైట్ పేరు కొట్టగానే దాని చిరునామాను వెతికిపెట్టే వ్యవస్థను డీఎన్ఎస్ అంటారు. టెలిఫోన్ డైరెక్టరీ వంటిది. హానికర, అశ్లీల సైట్ల చిరునామాలు ఇవ్వని ఉచిత డైరెక్టరీలు ఉన్నాయి. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020లో ప్రవేశపెట్టిన 1.1.1.3 అటువంటిదే. రౌటర్‌లో ఈ అంకెలు నమోదు చేస్తే చాలు, పైసా ఖర్చు లేదు. అయితే ఈ పద్ధతిలో సైట్‌ను మొత్తంగా ఆపగలమే తప్ప, యూట్యూబ్‌లో ఒక వీడియోను ఉంచి మరొకదాన్ని తీసేయడం సాధ్యం కాదు. అందుకు ఆ ఖాతాలోనే అమరికలు మార్చుకోవాలి.

చెవి ఆపరేటర్ వద్దే

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కనెక్షన్‌తో పాటు ఇచ్చే పెట్టెల్లో చాలావాటికి ఈ సదుపాయం ఉంటుంది. కానీ పెట్టెను బిగించిన సిబ్బంది వైఫై పాస్‌వర్డ్ ఒక్కటే చెప్పి వెళ్తారు. అమరికలు మార్చేందుకు వేరే పాస్‌వర్డ్ ఉంటుందన్న సంగతే అనేకులకు తెలియదు. ఫోన్ బ్రౌజర్‌లో సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1 అని కొడితే ఆ తలుపు కనిపిస్తుంది. దాని పాస్‌వర్డ్ అడిగి తీసుకుని, వెంటనే మార్చుకోవాలి. కొత్త రౌటర్ కొనేముందు చేయాల్సిన మొదటి పని ఇది. ఉన్న పెట్టెతోనే అవసరం తీరితే ఖర్చు మిగిలినట్టే.

ఆపరేటర్ ససేమిరా అన్నా, సదుపాయం నామమాత్రంగా ఉన్నా సొంత రౌటర్ తెచ్చుకుని పాత పెట్టెకు తీగతో కలుపుకోవచ్చు. అప్పుడు పాత పెట్టెలోని వైఫైని తప్పనిసరిగా ఆపించాలి. లేదంటే పిల్లలు కొత్త కాపలాను దాటి పాత దారిలోనే వెళ్తారు.

కొనేముందు అయిదు ప్రశ్నలు

దుకాణాల్లో యాంటెన్నాల సంఖ్య, వేగం చూపి అమ్మడం పరిపాటి. 2,000 రూపాయల అటూఇటూ ధరలోనూ రెండు బ్యాండ్ల రౌటర్లు దొరుకుతున్నాయి. పిల్లల కోసం కొనేవారు అడగాల్సినవి వేరు.

1. ఒక్కో పిల్లవాడి పేరిట అతడి ఫోన్, ట్యాబ్ అన్నింటినీ కలిపి, బడి రోజులకు, సెలవులకు వేర్వేరు వేళలు పెట్టే వీలుందా?

2. ఈ సదుపాయం శాశ్వతంగా ఉచితమా, చందా కట్టాలా? టీపీ-లింక్ ‘హోమ్‌షీల్డ్’లో ప్రాథమిక సేవలు ఉచితం కాగా, పూర్తిస్థాయి సేవలకు చందా ఉంది. కొన్ని కంపెనీలు కొద్దిరోజులు ఉచితమని ఆపై రుసుము అడుగుతాయి.

3. డీఎన్ఎస్ మార్చుకోవచ్చా? పాత పద్ధతి చిరునామాలతో పాటు కొత్తదైన ఐపీవీ6కూ వడపోత వర్తిస్తుందా? ఒక్కదానికే పెడితే రెండో దారి తెరిచే ఉంటుంది.

4. కొత్తగా చేరే పరికరానికి పెద్దల అనుమతి లేకుండా నెట్ అందని ఏర్పాటు ఉందా?

5. డబ్ల్యూపీఏ3 రక్షణ ఉందా? కంపెనీ ఎన్నేళ్లపాటు భద్రతా అప్‌డేట్లు ఇస్తుంది?

గండ్లు ఎక్కడెక్కడ?

ఎంత ఖరీదైన రౌటరైనా సిమ్ కార్డులోని మొబైల్ డేటాను ఆపలేదు. వైఫై ఆగగానే డేటాకు మారితే కాపలా వృథా. అందుకే పిల్లల ఫోన్‌లో గూగుల్ ‘ఫ్యామిలీ లింక్’ లేదా ఆపిల్ ‘స్క్రీన్ టైమ్’ వంటి ఏర్పాటూ ఉండాలి. వీపీఎన్ యాప్‌లు వడపోతను దాటిస్తాయి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు గుర్తింపు సంఖ్యను దాచి మరో సంఖ్యను చూపుతున్నాయి. ఆ అమరిక మారిస్తే పాత ఫోనే రౌటర్‌కు కొత్తదిగా కనిపిస్తుంది. నాలుగో ప్రశ్నకు ప్రాధాన్యం అందుకే.

రౌటర్ వెనుక ఉండే సూదిమొన పాటి రంధ్రంలో పిన్నుతో కొద్ది సెకన్లు నొక్కితే అమరికలన్నీ చెరిగిపోతాయి. పెద్దలు పెట్టిన పాస్‌వర్డ్ పనిచేయకపోతే ఎవరో నొక్కారని గ్రహించాలి. గడియారం మరో సమస్య. రౌటర్‌లో మన దేశ కాలమానం, అంటే జీఎంటీ +5:30, ఎంచుకోకపోతే రాత్రి ఆగాల్సిన నెట్ తెల్లవారుజామున ఆగుతుంది. కరెంటు పోయి వచ్చాక సమయం సరిగా ఉందో లేదో చూసుకోవడం మంచిది.

అదుపు వేరు.. నిఘా వేరు

కొన్ని రౌటర్లు పిల్లలు చూసిన సైట్ల జాబితానూ అందిస్తాయి. ఎనిమిదేళ్ల పిల్లవాడి విషయంలో అది రక్షణ కావచ్చు. పదిహేడేళ్ల వయసులో అదే అవమానంగా తోస్తుంది. ఆంక్షలు ముందుగా ఆడపిల్లలపైనే పడటం మన ఇళ్లలో కొత్త కాదు. అన్నకు అర్ధరాత్రి వరకు అనుమతించి, చెల్లెలికి చదువుకు కావాల్సిన నెట్ సైతం ఆపేస్తే అది క్రమశిక్షణ అనిపించుకోదు. నియమం ఇద్దరికీ ఒకటే ఉండాలి. ఎందుకు పెడుతున్నదీ ముందే చెప్పాలి. రాత్రి పదింటి తర్వాత పెద్దల ఫోన్లూ పక్కన పెడితే పిల్లలు ఆ మాట వింటారు.

18 ఏళ్లలోపు వారి వ్యక్తిగత సమాచారం వినియోగించాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చెబుతోంది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడినా, ఈ అంశం అమలుకు 18 నెలల గడువిచ్చారు. చట్టం కంపెనీలను కట్టడి చేయగలదు గానీ ఇంట్లో వేళలు నిర్ణయించలేదు.

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా పిల్లలు మోసానికో, బెదిరింపునకో గురైతే తిడతారన్న భయంతో దాచకుండా ఇంట్లో చెప్పగలగాలి. సైబర్ మోసాలపై 1930, పిల్లల రక్షణకు 1098 నంబర్లకు ఫోన్ చేయవచ్చు. రౌటర్ పాస్‌వర్డ్‌తో పాటు ఈ రెండు నంబర్లనూ ప్రతి ఇంట్లో పెద్దలు దగ్గర ఉంచుకోవడం అవసరం.