గైడ్లు చాలంట, తోటల పుస్తకాలెందుకంట!

పోటీ పరీక్షల పుస్తకాలుంటే చాలంట. గ్రూప్ టూ గైడ్లు, కానిస్టేబుల్ మోడల్ పేపర్లు, డీఎస్సీ మెటీరియల్... వీటితో బీరువా నిండితే లైబ్రరీ అయిపోయినట్టేనంట. కథలు, నవలలు, దేశదేశాల కబుర్లు, కొండల పుస్తకాలు, తోటల పుస్తకాలు ‘కడుపు నిండినోళ్ల యవ్వారం’ అంట. ఈ మాట ఊళ్లో పెద్దోళ్లు అంటే మాకేం ఆశ్చర్యం లేదు. వాళ్లు తాతల కాలం నుంచీ అంటున్నదే. ఇప్పుడు మన కమిటీల్లో కూర్చున్న మనవాళ్లే అంటున్నారు. అంబేడ్కర్ భవన్‌లో ఒక బీరువా పెట్టి లైబ్రరీ మొదలుపెడదామని కూర్చున్న చోటల్లా ఇదే తగువు. అందుకని ఈ నాలుగు మాటలు.

గైడ్లు వద్దని మేం అనడం లేదు. మేం బడిపంతుళ్లం. మా ఇళ్లల్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మాది. నెల తిరిగేసరికి జీతం చేతికి రావడం అంటే ఏమిటో, కూలి డబ్బుల కోసం కామందు దొడ్డిగుమ్మం దగ్గర నిలబడ్డ తల్లుల బిడ్డలకు ఎవరూ చెప్పక్కర్లేదు. గైడ్లు కొనండి. ఇంకా ఎక్కువ కొనండి. అయితే ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆ గైడు మూడేళ్లకు పాతపేపర్లోడి తక్కెట్లోకి పోయేదే. అదొక్కటే మన పిల్లల చదువు అంటే మాత్రం మేం ఒప్పుకోం. వన వర్ణన, నగర వర్ణన, కొండా కోనా వాళ్లకు. బిట్ బ్యాంకు మనకా? ఇదేం పంపకం? పొలాల పంపకంలో చవిటి చెక్క మనకొచ్చింది చాలదా, పుస్తకాల పంపకంలో కూడానా?

పుస్తకం చదివితే సంతోషం కలుగుతుంది. ఈ మాట చెప్పుకోడానికి మన ఉద్యమంలో ఎందుకో సిగ్గుపడుతున్నాం. చైతన్యం కోసం చదవాలంటాం, పోరాటం కోసం చదవాలంటాం, సంతోషం కోసం అని మాత్రం అనం. మేం సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉన్న రోజుల్లో ఒక్కో గదికి ఒకటే బల్బు. దాని కింద అట్ట ఊడిపోయిన ఒక పుస్తకం. అందులో మంచుకొండలు, దేవదారు చెట్లు, ఏటి ఒడ్డున చిన్న చిన్న ఇళ్లు. నల్లరేగడి, తుమ్మచెట్టు, పత్తిచేను తప్ప ఎరగని కళ్లు మావి. ఆ రాత్రి దోమలు కుట్టలేదని కాదు, కుట్టినట్టు తెలియలేదు. పురుగులన్నం తిన్న పిల్లగాడు కూడా మంచు మీద నడిచి రావచ్చు, వార్డెన్‌ను అడక్కుండా. దీనివల్ల ప్రయోజనం ఏంటి అని అడిగితే మేం జవాబు చెప్పం. కామందు కొడుకు మంచమ్మీద పడుకుని నవల చదువుతుంటే ప్రయోజనం ఏంటని ఎవరూ అడగరు. మనోడు చదివితేనే లెక్క అడుగుతారు.

అయితే ఆ సంతోషంలో ఒక ముల్లు ఉన్నమాట నిజం. బళ్లో ‘మా ఊరు’ అని వ్యాసం రాయిస్తారు. మన పిల్లలు ఏం రాస్తున్నారో ఎప్పుడైనా చూశారా? మా ఊరు పచ్చని పైరులతో కళకళలాడుచుండును, ఊరి మధ్య రామాలయము కలదు, చెరువు నిండా తామరలు, ప్రజలందరూ అన్నదమ్ముల వలె మెలగుదురు. ఆ గుడి మెట్టు ఎక్కని ఇంట్లో పుట్టిన పిల్ల రాస్తున్నది ఇది! మరి పల్లె ఏదమ్మా? వ్యాసంలో లేదు. ఊరికి నాలుగు దిక్కులే, మనం ఐదో దిక్కున ఉన్నాం కాబోలు. పిల్లది తప్పు కాదు. చదివిన పాఠాల్లో లేదు గనక రాసిన వ్యాసంలోకీ రాలేదు. చెరువు అంటే తామరలే నేర్పారు. మాదిగల తాగునీటి చెరువును మురికి చేయొద్దన్నందుకు మొదలైన గొడవ కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురి ప్రాణాలు తీసింది. ఆ చెరువు ఏ వర్ణనలో ఉంది? కృష్ణా డెల్టా పచ్చదనం మీద ఎన్ని పద్యాలున్నాయో! చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మందిని చంపి, గోతాల్లో కట్టి పడేసిన కాలవ కూడా ఆ పచ్చదనంలోదే కదా.

అందుకని పద్యం చించెయ్యమంటామా? అనం. చించేసేవాడికి అందులో ఎవరు లేరో ఎప్పటికీ తెలియదు. చదివినవాడికే తెలుస్తుంది. గైడు మాత్రమే చదివినవాడు గైడులో ‘గ్రామ స్వరాజ్యం’ అని ఉంటే అదే బట్టీ పట్టి రాసొస్తాడు. బాబాసాహెబ్ అలా రాసిరాలేదు. ఈస్టిండియా కంపెనీ దొర చార్లెస్ మెట్‌కాఫ్ 1830లో మన గ్రామాలు చిన్న చిన్న రిపబ్లిక్కులు అని ముచ్చటపడి రాశాడు. తర్వాత మన దేశభక్తులు నూరేళ్లు ఆ ముచ్చటనే పాడారు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ లేచి, ఆ మెట్‌కాఫ్‌నే ప్రస్తావించి, ఆ ఊహను ముక్కలు ముక్కలు చేశారు. రాజ్యాంగానికి పునాది గ్రామం కాదు, మనిషి అని నిలబెట్టారు. దొర బొమ్మ గీసినప్పుడు పల్లెను వదిలేశాడని చెప్పడానికి ముందు ఆ బొమ్మను ఆసాంతం చదివుండాలి గదా!

1983లో బెనెడిక్ట్ ఆండర్సన్ అనే పండితుడు ‘ఇమాజిన్డ్ కమ్యూనిటీస్’ అని ఒక పుస్తకం రాశాడు. ఊహలో కట్టుకున్న సమాజాలు అని అర్థం. ఒక జాతిలో మనుషులు ఒకరినొకరు ఎన్నడూ చూడరు, అయినా మేమంతా ఒకటి అనుకుంటారు. అచ్చయిన పత్రికలు, నవలలే ఆ అనుకోవడాన్ని పెంచాయి అంటాడు. పెద్ద చదువుల పుస్తకమే గానీ విషయం మనకు కొత్త కాదు. ఈ కాగితాలు చదువుతున్న మీరూ రాస్తున్న మేమూ ఒకరి మొహం ఒకరం చూడలేదు. కారంచేడు అనగానే అందరికీ ఒకేసారి గుండె మండుతుంది. ఆ మంట ఏ గైడు చదివితే వచ్చింది?

మన కవి జాషువా చేసిన పని చూడండి. కాళిదాసు మేఘసందేశంలో కుబేరుడి కొలువులో ఉండే యక్షుడొకడు శిక్షపడి, భార్యకు మబ్బుతో కబురంపుతాడు. మబ్బు దారిలో ఉజ్జయిని, నదులు, తోటలు, చివరకు హిమాలయాల్లో అలకాపురి. చదవండి, ఎంత బాగుంటుందో! జాషువా ఆ దారి అంతా ఎరిగినవాడు. 1941లో ‘గబ్బిలం’ రాశాడు. తంజావూరు వైపు ఒక అంటరాని పేదవాడు, పెళ్లాం లేదు, పూట కూడు లేదు, శివుడికి కబురు పంపాలి. గుళ్లోకి మనిషికి దారి లేదు, గబ్బిలానికి ఉంది. దాన్నే బతిమాలుకుంటాడు. గబ్బిలం ఉత్తరానికి ఎగురుతుంటే కింద నేలంతా మనకు కనపడుతుంది. ఒక్క కవిత్వంలో దేశం అందమూ ఉంది, ఆ దేశంలో మనకు తలుపు లేదన్న సంగతీ ఉంది. మేఘసందేశం ఎరిగి గబ్బిలం చదివితే సంతోషం రెండింతలు, కోపం నాలుగింతలు. జాషువాకు ఎవరైనా గైడు చాల్లే నాయనా అని ఉంటే?

ఇక తోటల సంగతి. దేశం దాటి ఒక తోటలోకి పోదాం రండి. న్యూయార్క్ నగరం నడిబొడ్డున సెంట్రల్ పార్కు ఉంది. 843 ఎకరాలు. తనంతట తనే పెరిగినట్టు కనపడే తోట. నిజానికి ఆ చెరువులు మనుషులు తవ్వినవి, ఆ చెట్లు మనుషులు నాటినవి. దాని ఉత్తరపు కొస దాటి ఆరు వీధులు పోతే కొలంబియా యూనివర్సిటీ. 1913 నుంచి 1916 దాకా బాబాసాహెబ్ చదువుకున్నది అక్కడే. 1992లో రోజెన్‌జ్వైగ్, బ్లాక్‌మార్ అనే ఇద్దరు చరిత్రకారులు ఆ పార్కు చరిత్ర రాశారు. పేరు ‘ది పార్క్ అండ్ ది పీపుల్’. ఆ తోట కింద ఒక వాడ ఉందని అందులో వివరంగా చెప్పారు.

1825లో ఆండ్రూ విలియమ్స్ అనే పాతికేళ్ల నల్లజాతి యువకుడు అక్కడ మూడు ఇళ్లస్థలాలు 125 డాలర్లకు కొన్నాడు. అతని వృత్తి బూట్లు పాలిష్ చేయడం. చూశారా, చెప్పు దగ్గర కూర్చున్నవాడే అక్కడ కూడా వాడకు ముగ్గుపోశాడు! సెనెకా విలేజ్ అని పేరు పడింది. 1855 నాటికి సుమారు 225 మంది. మూడింట రెండొంతులు నల్లవాళ్లు, మిగతావాళ్లు ఎక్కువగా ఐరిష్ పేదలు. మూడు చర్చిలు, ఒక బడి, శ్మశానాలు. నల్లవాడికి 250 డాలర్ల ఆస్తి ఉంటేనే ఓటు అని ఆ రాష్ట్రంలో చట్టం. అందుకని అక్కడ నేల కొనడం అంటే ఓటు కొట్లాట కూడా. నగరంలో ఉన్నవాళ్లకు గాలి పీల్చుకునే చోటు కావాలన్నారు. 1853లో చట్టం చేశారు. సొంత స్థలాలున్న వాళ్లను పత్రికలు ఆక్రమణదారులన్నాయి, ఇళ్లను గుడిసెలన్నాయి. 1857కల్లా వాడ లేదు. ఎంతో కొంత నష్టపరిహారం చేతిలో పెట్టి పొమ్మన్నారు. ఈ కథ ఎక్కడో విన్నట్టు లేదూ? ప్రాజెక్టు పేరు, రింగురోడ్డు పేరు మారుతుంది గానీ అసైన్డ్ భూమి మనదే పోతుంది.

2011లో అక్కడ తవ్వితే ఇనుప టీ కెటిలూ, చిన్నబిడ్డ చెప్పూ దొరికాయి. ఆ చెప్పు గురించి చదివాక ఆ పార్కు బొమ్మ చూస్తే ముందులాగ కనపడదు. అయినా పార్కు అందం తగ్గదు. రెండూ ఒకే చూపులో ఇమడాలి. ఆ చూపు కోసమే ఈ పుస్తకాలు.

ఇక మనం తోట వేస్తే ఏమైందో చూడండి. లక్నోలో గోమతి ఒడ్డున అంబేడ్కర్ పేరిట రాతి ఏనుగులతో పెద్ద ఉద్యానం కట్టారు. నోయిడాలో దళిత ప్రేరణా స్థలం 2011 అక్టోబరులో తెరిచారు. అబ్బో, ఎన్ని సంపాదకీయాలు! ఎంత ఖర్చు, ఎంత దండగ! 2012 ఎన్నికలప్పుడు ఆ ఏనుగులకు ముసుగులు కూడా వేయించారు. ఖర్చు లెక్క అడగొద్దని మేం అనం, ప్రజల డబ్బు. కానీ రాజుల ఉద్యానాలకూ, దొరల క్లబ్బు పచ్చికకూ రాని లెక్క మన తోటకే ఎందుకొచ్చింది? తోటలో మనం మొక్కకు నీళ్లు పోయాలి గానీ బెంచీ మీద కూర్చోకూడదు. అదే అసలు బాధ.

బెంచీ అంటే గుర్తొచ్చింది. 1516లో ఇంగ్లండుకు చెందిన థామస్ మోర్ ‘యుటోపియా’ రాశాడు. ఎక్కడా లేని మంచి దేశం. ప్రతి ఇంటి వెనక తోట, ఆ తోటలంటే జనానికి ప్రాణం. చదువుతుంటే హాయిగా ఉంటుంది. అంతలో ఒకచోట ఆగిపోతాం. అక్కడ పశువుల్ని కోసే పని పౌరులు చేయరు, ఊరి బయట బానిసలు చేస్తారు! ఇదిగో, మన దిక్కు అక్కడా తేలింది. ఇంచుమించు ఆ కాలానికే కాశీలో తోలుపని కులంలో పుట్టిన రవిదాసు ‘బేగంపురా’ పాడాడు. దుఃఖం లేని పట్నం అని అర్థం. అక్కడ పన్ను లేదు, భయం లేదు, రెండో మెట్టు మూడో మెట్టు అని లేవు. మనుషులు తమకిష్టమైన చోట తిరుగుతారు. ఊరి నడివీధిలో చెప్పులు చేతబట్టుకుని నడిచిన తాతల మనవలకు ఈ ‘తిరగడం’ అనే మాట బరువు తెలుసు. మోర్ గారి ఊహలో బానిసలున్నారు, రవిదాసు ఊహలో లేరు. రెండు పుస్తకాలూ బీరువాలో పక్కపక్కన ఉండాలి. పదోతరగతి పిల్ల రెండూ చదివి, ‘మా ఊరు’ వ్యాసం మళ్లీ రాయాలి.

కాబట్టి కమిటీల వాళ్లకు మా మాట. బీరువాలో ఒక అర గైడ్లకు ఇవ్వండి. మిగతా అరల్లో ‘గబ్బిలం’ ఉండాలి, జైల్లో కూర్చుని రాయగా 1922లో అచ్చయి తెల్లదొరలు నిషేధించిన ఉన్నవ ‘మాలపల్లి’ ఉండాలి (రాసినాయన మనవాడు కాదు, చదివి తగువులాడండి), మన ఆడవాళ్లు రాసిన కథలుండాలి, దేశాల పుస్తకాలు, కొండల పుస్తకాలు, బొమ్మలున్నవి, చిన్నపిల్లలకు. డబ్బులేవంటారా? 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. పల్లెలో రేకుల ఇల్లూ కడుతోంది. అది పంచాయతీ నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. మన ఊరి నుంచి ఎంత వసూలైంది, ఎంత చేరింది, పల్లెకు ఎన్ని పుస్తకాలొచ్చాయి అని సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. అర్జీ నమూనా కావాలంటే మా దగ్గరకు రండి, రాసిస్తాం.

ఇంకొక్కటి. బీరువా తాళంచెవి కమిటీ పెద్దల మొలతాడుకు కట్టొద్దు. హైస్కూలుకు పోయే ఆడపిల్లలు ఇద్దరికి ఇవ్వండి. పెద్దల దగ్గరుంటే అది ఏప్రిల్ 14న దండేసినప్పుడే తెరుచుకుంటుంది.